సర్కారు తుమ్మ చరిత్ర

మన పల్లెల్లో చెట్లకున్న పేర్లను ఎవరైనా ఓపికతో పోగుచేస్తే అది సగం చరిత్ర గ్రంథం అవుతుంది. వేప, చింత, మద్ది, తంగేడు వంటి పేర్లు ఎప్పుడు పుట్టినవో చెప్పడం కష్టం. సీమచింత అనగానే మాత్రం కాలం కొంత తెలిసిపోతుంది. అది సముద్రం దాటి వచ్చిన చెట్టు. ఇక సర్కారు తుమ్మ అన్నప్పుడు, దాన్ని తెచ్చినవాడెవడో కూడా ఆ పేరులోనే వున్నది. పండితుల నిఘంటువుల కంటె ముందు పశువులు కాసుకునే మనిషి ఈ చరిత్రను రెండు మాటల్లో వ్రాసి పెట్టాడు.

నేను పాఠం చెప్పే తరగతిలో ఒకసారి, ఈ చెట్టును మీ వూళ్లో ఏమంటారని అడిగాను. ప్రకాశం, గుంటూరు వైపు పిల్లలు చిల్లచెట్టు అన్నారు. రాయలసీమ పిల్లలు కంపచెట్టు అని వూరుకున్నారు. కంప అంటే అక్కడ మరొక కంప లేనట్టే. తెలంగాణ పిల్లల్లో ఎక్కువమంది సర్కారు తుమ్మ అన్నారు. ఇంగ్లీషు తుమ్మ అన్నవారూ వున్నారు. తమిళులు దీన్ని సీమ కరువేలం అంటారు. రాజస్థాన్‌లో విలాయతీ బబూల్. గుజరాత్‌లోని కచ్ఛ్ ప్రాంతంలో గాండో బావళ్, అంటే పిచ్చి తుమ్మ. ఇన్ని భాషల ప్రజలు ఒకే చెట్టుకు పేరు పెట్టేటప్పుడు ప్రభుత్వాన్నో, పరదేశాన్నో, పిచ్చినో తలచుకున్నారంటే, ఆ తలపుకు ఆధారమేమిటో విచారించవలసి వుంటుంది.

ఈ చెట్టు గురించి మన అభ్యుదయ మిత్రుల్లో రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. ఇది సామ్రాజ్యవాదుల కుట్ర, మన నేలలో నీరంతా పీల్చివేయడానికి తెల్లవాడు కావాలని చల్లిపోయిన విషవిత్తనం అనేది ఒకటి. ఇది పేదవాడి పొయ్యిలో కట్టె, కూలీకి పని దొరకని నెలల్లో అన్నం పెట్టే చెట్టు, దీని జోలికి వెళ్లేవాడు పేదల శత్రువు అనేది రెండవది. ఇక అధికార వర్గాల దృష్టి మూడవది: ఇది చీడ, పొక్లెయిన్ తెచ్చి పెరికి పారవేస్తే సరి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాదు. కాని ఏ ఒక్కదానితోనూ ఈ చెట్టు వ్యాపించిన తీరును వివరించలేము, దాన్ని అదుపుచేసే దారినీ కనిపెట్టలేము. సర్కారు తుమ్మ చరిత్ర నా దృష్టిలో ప్రధానంగా ఒక చెట్టు చరిత్ర కాదు. ఎవరిదీ కాదని సర్కారు తేల్చిన భూమి చరిత్ర.

మొదట పరాయితనం సంగతి తేల్చుకుందాం. ఒక మొక్క పరదేశం నుంచి వచ్చిందన్నంత మాత్రాన నేరం చేసినట్టు కాదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. గుంటూరు మిరప లేని తెలుగు భోజనాన్ని ఇవాళ ఎవరూ వూహించలేరు. రాయలసీమ రైతును నిలబెట్టిందీ, ముంచిందీ అయిన వేరుశనగ దక్షిణ అమెరికాది. సీతాఫలం పేరులో సీతమ్మ వున్నా పుట్టిల్లు అమెరికాయే. బొప్పాయి, జామ, టమాటా, అన్నీ ఆ దారినే వచ్చాయి. స్వదేశీ వృక్షం, విదేశీ వృక్షం అని గీత గీసి, విదేశీ అయినదాన్ని తరమాలనే వాదం వినడానికి దేశభక్తిగా వుంటుంది గాని, మనుషుల విషయంలో అదే గీతను గీసేవారికి అది బాగా పనికివస్తుంది. శాస్త్రజ్ఞులు కూడా కొత్తగా వచ్చిన జాతులన్నిటినీ దురాక్రమణ జాతులు అనరు. వచ్చినచోట తనంత తాను పెరిగి, అక్కడి గడ్డినీ చెట్లనూ పురుగుపుట్రనూ తొలగించి, ఆ నేల నడవడినే మార్చివేసేదాన్ని మాత్రమే అలా అంటారు. వచ్చిన వాటిలో అవి కొద్ది. ఆ కొద్దింటిలో సర్కారు తుమ్మ ఒకటి.

దీని స్వస్థలం మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా వుత్తర తీరం. శాస్త్రీయ నామం ప్రొసోపిస్ జూలిఫ్లోరా. మన జమ్మిచెట్టు కూడా ప్రొసోపిస్ వర్గానిదే. విరాటపర్వంలో పాండవులు ఆయుధాలు దాచిన జమ్మి, దసరానాడు ఆకు పంచుకునే జమ్మి, 2014లో తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి, ఈ ముళ్లకంపకు జ్ఞాతి అంటే మా విద్యార్థులు నమ్మరు. 2022లో వృక్షశాస్త్రజ్ఞులు ఈ వర్గాన్ని విడదీసి, అమెరికా జాతుల్లో ఎక్కువవాటిని నెల్టుమా అనే పేరు కింద చేర్చారు. జమ్మి మాత్రం ప్రొసోపిస్‌గానే వుండిపోయింది. అన్నదమ్ములు వేరుపడినట్టు. పేరు సంగతి ఎలా వున్నా, నేలమీద వీటి మధ్య తేడా రైతుకు ఎప్పుడో తెలుసు. జమ్మి కింద సజ్జ పండుతుంది. రాజస్థాన్ రైతు దాన్ని చేనిలో వుంచుకుని సేద్యం చేస్తాడు. సర్కారు తుమ్మ కింద గడ్డి కూడా సరిగా మొలవదు.

సర్కారువారు మొక్కలు తెచ్చి నాటడం ఈ తుమ్మతో మొదలు కాలేదు. దీనికి ముందు నాగజెముడు కథ వుంది. ఆ కథ తెలియకపోతే తుమ్మ కథ సగమే అర్థమవుతుంది.

పద్దెనిమిదవ శతాబ్దంలో ప్రపంచపు మేలైన ఎర్ర రంగు కొచినీలు అనే పురుగు నుంచి వచ్చేది. ఆ పురుగు మెక్సికోలో ఒక జాతి జెముడు మీద బతుకుతుంది. ఆ వ్యాపారం స్పెయిన్ గుత్తాధిపత్యంలో వుండేది. బ్రిటిష్ సైనికాధికారుల ఎర్రకోట్లకు కావలసిన రంగును స్పెయిన్ దగ్గర కొనుక్కోవలసి రావడం ఈస్టిండియా కంపెనీకి కంటకంగా వుండింది. మద్రాసులో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ 1786 నుంచి ఈ పురుగు విషయమై లేఖలు వ్రాశాడు. ఇక్కడి ఒక పురుగునే చూసి కొచినీలు అనుకున్నాడు, కాదని తేలింది. అయినా పట్టు విడువలేదు. మద్రాసు దగ్గర సైదాపేటలో జెముడు తోట వేయించాడు. అతని మేనల్లుడు ఆండ్రూ బెర్రీ దాన్ని చూసేవాడు. పురుగు ఇంకా రాలేదు, దానికి మేత మాత్రం సిద్ధమయింది. ప్రభుత్వ పథకాలు నేటికీ కొన్ని ఈ వరుసలోనే నడుస్తూ వుంటాయి.

1795లో కెప్టెన్ నీల్సన్ అనే అధికారి బ్రెజిల్ దేశపు రియో నుంచి పురుగును కలకత్తాకు తెచ్చాడు. అది మెక్సికో వాళ్లు పెంచే మేలుజాతి కాదు, నాసిరకం అడవి జాతి. రంగు పలచన, వ్యాపారం గిట్టుబాటు కాలేదు. అయితే ఆ పురుగు మరొక పని చేసింది. వుత్తర భారతంలో బాగా అల్లుకుపోయి వున్న ఒక జాతి జెముడును తిని, తిని, నాశనం చేసింది. ఇది గమనించి 1836–38 మధ్య దాన్ని దక్షిణ భారతానికి కూడా తెచ్చి వదిలారు. ఒక కలుపు మొక్కను దాని శత్రువైన పురుగుచేత చంపించిన ప్రయోగాల్లో ప్రపంచంలోనే మొదటి విజయంగా శాస్త్ర గ్రంథాలు దీన్ని చెబుతాయి. రంగు కోసం తెచ్చిన పురుగు రంగు ఇవ్వలేదు; కలుపును చంపింది. ఎవరూ వేసుకోని లెక్క ఇది.

అంతటితో కథ ముగియలేదు. నాగజెముడులో మరొక జాతి వుంది. ఆ పురుగు దాన్ని ముట్టలేదు. అది మద్రాసు రాజధానిలోని మెట్ట జిల్లాల్లో కంచెల నుంచి బీళ్లలోకి, బీళ్ల నుంచి పొలాల్లోకి పాకింది. దాన్ని నరికించడానికి ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టింది. నరికిన ప్రతి ముక్కా పడినచోట వేరుపట్టేది. చివరికి 1926లో సింహళం నుంచి మరొక జాతి కొచినీలు పురుగును తెచ్చి వదిలితే, కొద్ది యేళ్లలో అది నాగజెముడు పొదలను కూలగొట్టింది. మన ముసలివాళ్లు నాగజెముడు డొంకల గురించి చెప్పే మాటలకూ, నేడు మనం చూసే అరకొర పొదలకూ మధ్య వున్న తేడా ఆ పురుగు చేసిన పని.

ఇక తుమ్మ దగ్గరకు వద్దాం. 1876లో మద్రాసు అడవుల శాఖ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ బెడ్డోం, వానలు లేని జిల్లాల్లో వంటచెరకు తోటలు వేయడానికి ఈ ప్రొసోపిస్ విత్తనాలు తెప్పించవలసిందని పైవారికి వ్రాశాడు. బెడ్డోం సామాన్యుడు కాదు. దక్షిణ భారతంలోని ఫెర్ను మొక్కల మీదా, పాముల మీదా ఆయన చేసిన పరిశోధన నేటికీ గౌరవింపబడుతున్నది. విత్తనాలు వచ్చాయి. 1877–78లో వాటిని కడప జిల్లా కమలాపురంలో వేశారు. అదే కాలంలో సింధులో కూడా వేశారు. దక్షిణాన ఈ చెట్టు కాలుమోపిన మొదటి చోటు, నాకు తెలిసినంతలో, మన కమలాపురమే.

ఆ సంవత్సరాలను పాఠకులు గమనించాలి. 1876–78 అంటే రాయలసీమ చరిత్రలో మహాకరువు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటుతూ లిట్టన్ దర్బారు జరుపుతున్నాడు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన అణా డబ్బులు చాలునని టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు పారిశుధ్య కమిషనర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని ఎదిరించి వ్రాయవలసి వచ్చింది. బ్రిటిష్ ఇలాకాలోనే 50 లక్షలకు పైగా జనం చనిపోయారని 1880 నాటి కరువు కమిషన్ లెక్క కట్టింది. కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ లెక్కలో ముందు వరుసలో వున్నాయి.

మనుషులు రాలిపోతూ వుంటే ఆ జిల్లాలోనే ప్రభుత్వం చెట్లు నాటింది అని వ్రాసి, కింద గీత గీసి, కుట్ర నిరూపితమయిందని అనవచ్చు. నేను అలా అనను. బెడ్డోం వుత్తరంలో వున్నది కుట్ర కాదు, కొరత. ఆ కొరత ఎక్కడ నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు వరకు రైలు 1871లో పూర్తయింది. ఆ కాలపు మద్రాసు రైళ్లు కట్టెలు తిని నడిచేవి. పట్టాల కింద దుంగలు, ఇంజనులో కట్టెలు. రైలుదారికి అటూ యిటూ అడవులు పలచబడ్డాయి. అడవిని తినివేసింది పెట్టుబడి. అడవుల శాఖ తన రికార్డుల్లో మాత్రం నిందను రైతు గొడ్డలి మీదా, మేకల నోటి మీదా వేసింది. త్వరగా పెరిగే, వాన అడగని, మేక ముట్టని కట్టె ఒకటి కావలసి వచ్చింది. ఆ మూడు లక్షణాలూ ఈ తుమ్మలో వున్నాయి. అధికారి ఏ గుణాలను చూసి మెచ్చాడో, ఆ గుణాలే తరువాత కాలంలో వూళ్లకు గుదిబండలయ్యాయి.

నాటడానికి నేల ఎక్కడిది? ఇక్కడ మన్రో దగ్గరకు వెళ్లాలి. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా థామస్ మన్రో రైత్వారీని స్థిరపరచాడు. రైత్వారీలో పట్టా వున్న భూమి రైతుది. పట్టా లేనిది సర్కారుది. ఈ రెంటికీ మధ్య అంతకు ముందు మరొకటి వుండేది: వూరుమ్మడి బీడు, చెరువు శిఖం, వాగు ఒడ్డు, డొంక, మంద బయలు, శ్మశానం. వూరి పశువులు మేసేవి, వూరి ఆడవాళ్లు పుల్లలు ఏరేవారు, కరువులో ఆకూ దుంపా దొరికేవి. దాన్ని వుపయోగించే హక్కు అందరికీ వుండేది గాని అమ్మే హక్కు ఎవరికీ లేదు. నేను ఆ పాతకాలాన్ని బంగారు యుగమని పొగడడం లేదు. ఆ బీటిలో కూడా ఎవరి పశువు ముందు నీళ్లు తాగాలి, ఎవరు బావి దగ్గరకు రాకూడదు అనేది కులమే నిర్ణయించింది. కాని రెవిన్యూ లెక్కల్లో శిస్తు రాని ఆ భూమి అంతా బంజరు, పోరంబోకు అయింది. పనికిరానిది అని పేరు పెట్టిన నేలమీద పనికివచ్చే చెట్టు నాటుతున్నామని అధికారి నిజాయితీగానే నమ్మాడు.

చెట్టు స్వభావం కొంత చెప్పుకోవాలి. దీని ఆకును పశువులు తినవు. కాయను ఆబగా తింటాయి. కాయ తియ్యగా వుంటుంది. లోపలి గింజకు రాయిలాంటి పెంకు. గొర్రె, మేక, ఆవు కడుపులోంచి వెళ్లేసరికి ఆ పెంకు మెత్తబడి, పేడతో సహా, పెంటికతో సహా, ఎరువు కూడా కట్టుకుని నేలమీద పడుతుంది. మన దేశంలో గొర్రెల మందను ఎరువు కోసం పొలంలో కట్టించుకోవడం పాత ఆచారం. ఆ ఆచారమే కంపకు రహదారి అయింది. మంద నడిచిన దారి వెంబడి తుమ్మ నడిచింది. మిగిలిన గింజలు నేలలో యేళ్ల తరబడి చావకుండా వుంటాయి. వేరు సంగతి సరే సరి: అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వుతూ వుంటే ఇదే వర్గపు చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనిపించింది. నరికితే చావదు. మోడు నుంచి ఒక్క కాండం స్థానంలో పది పిలకలు వస్తాయి. నరికిన ప్రతిసారీ చెట్టు గుబురవుతుంది, నిలువు చెట్టు కంప అవుతుంది. మనిషి దూరలేని, పశువు మెసలలేని పొద అలా తయారవుతుంది. దాని రాలిన ఆకు కింద ఇతర గింజలు మొలకెత్తడం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది.

ఇంతటి శక్తి వున్న చెట్టు మరి 1877లోనే దేశాన్ని ఆక్రమించి వుండాలి గదా? లేదు. చాలా కాలం అది నాటినచోట్ల చుట్టూనే వుండిపోయింది. మన వూళ్లను కంప కమ్మింది నిన్నమొన్నటి మాట. కుట్ర సిద్ధాంతానికి గాని, చెట్టు గుణాలను మాత్రమే వల్లించే శాస్త్రానికి గాని ఈ జాప్యానికి సమాధానం దొరకదు. సమాధానం వూరిలో వుంది.

1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది. మేపుకు పుల్లరి కట్టవలసి వచ్చింది. పుల్లరి అనగానే మనకు పల్నాడు గుర్తుకు వస్తుంది. 1922లో ఆ పుల్లరికి ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు తుపాకి గుళ్లకు బలి అయ్యాడు. అడవి మూసుకుపోగా పశువులన్నీ వూరి బీటిమీద పడ్డాయి. గడ్డి కుదురుతో సహా మేసిపోయింది. గడ్డి బలంగా వున్న నేలలో తుమ్మ మొలక పైకి రావడం కష్టం. బోడి నేలలో దానికి పోటీ లేదు. తరువాత చెరువులు. వూరంతా కలిసి పూడిక తీసే కట్టుబాటు వున్నంతకాలం చెరువు శిఖంలో ఏటేటా మనుషుల పలుగుపారలు ఆడేవి. పెద్ద రైతు బోరు వేసుకున్నాడు. అతనికి చెరువుతో పని తీరింది. నీరుకట్టువాడికి గింజలు కొలిచేవారు లేరు. తూము పూడింది, కాలువ పూడింది, శిఖంలో కంప నిలిచింది. బోరు వున్నవాడి చేను కంప లేకుండా వుంటుంది, బోరు లేనివాడి చేనూ వూరి చెరువూ కంపలో వుంటాయి. ఏ వూరికైనా వెళ్లి చూడండి.

మూడవది మనం కాస్త మొహమాటం లేకుండా చెప్పుకోవలసిన విషయం. భూసంస్కరణల పేరిట దళితులకు, గిరిజనులకు, భూమిలేని పేదలకు అసైన్డు పట్టాలు ఇచ్చారు. ఇచ్చిన భూమిలో ఎక్కువ భాగం గుట్ట వాలు, చౌడు, రాతినేల. కాగితం ఇచ్చారు, ఎద్దులు ఇవ్వలేదు, బావి ఇవ్వలేదు, అప్పు ఇవ్వలేదు. రెండు కరువుల తరువాత పట్టాదారు బెంగుళూరుకో, హైదరాబాదుకో మట్టిపనికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి చేనులో కంప. భూమి పంచామని లెక్కల్లో వుంది. పంచిన భూమిని తుమ్మ తిరిగి స్వాధీనం చేసుకుంది. ఈ ఆక్రమణ మీద మనం ఎన్ని వ్యాసాలు వ్రాశాము?

స్వతంత్ర ప్రభుత్వాలు ఇంగ్లీషువాడి దృష్టినే వారసత్వంగా తీసుకున్నాయి. జోధ్‌పూర్ సంస్థానం 1940లోనే దీన్ని రాజవృక్షమని ప్రకటించింది. 1961లో గుజరాత్ అడవుల శాఖ, వుప్పు ఎడారి ముందుకు రాకుండా ఆపడానికని, కచ్ఛ్‌లోని బన్నీ గడ్డిభూమిలో సుమారు 31,500 హెక్టార్లలో ఈ చెట్టును నాటించింది. బన్నీ దేశంలోని గొప్ప పచ్చికబయళ్లలో ఒకటి. మాల్ధారీ పశుపోషకుల జీవనం. నేడు అందులో సగానికి పైగా తుమ్మ కింద వుంది. ఆవులు కాయలు తిని జబ్బుపడగా, చాలామంది గేదెలకు మారారు. ఆఫ్రికాలో కూడా ఇదే జరిగింది. కెన్యాలోని బరింగో ప్రాంతంలో 1980ల తొలినాళ్లలో అంతర్జాతీయ సహాయంతో వంటచెరకు కోసం దీన్ని నాటించారు. కొన్నేళ్లకు అక్కడి పశుపోషకులు ప్రభుత్వం మీద దావా వేసి, తియ్యటి కాయలు తిని పళ్లూడిన మేకను సాక్ష్యంగా న్యాయస్థానానికి తీసుకువెళ్లారు. ప్రపంచ వ్యాజ్యాల చరిత్రలో ఆ మేకకు ఒక చోటు వుండాలి.

నష్టమేమిటో వేరే చెప్పనవసరం లేదు గాని, ఒక్క మాట. గడ్డి పోవడం అంటే కేవలం పచ్చదనం పోవడం కాదు. గడ్డిమీద బతికే పురుగు, పురుగుమీద బతికే పిట్ట, బయలులో గుడ్డుపెట్టే బట్టమేక పక్షి, బయలులో పరుగెత్తే కృష్ణజింక, వీటికి ముళ్లగుబురులో చోటు లేదు. పైనుంచి చూస్తే, లేదా వుపగ్రహ చిత్రంలో చూస్తే, కంప కూడా పచ్చగానే వుంటుంది. వనం పెరిగిందని పటం చూపించి చెప్పవచ్చు.

ఇప్పుడు రెండవ వాదాన్ని, అంటే పేదవాడి కట్టె అన్న వాదాన్ని పరిశీలించాలి. ఇది బలమైన వాదం. వంటగ్యాసు కొనలేని ఇంట్లో పొయ్యి వెలిగేది కంపతోనే. బొగ్గు బట్టీలు వేలమందికి పని. కంపకొట్టి, ముండ్లు ఒలిచి, కట్టెను గోపురంలా పేర్చి, గడ్డీ మట్టీ కప్పి, లోపల నిప్పు పెట్టి, పొగ రంగు చూసుకుంటూ రాత్రింబగళ్లు కాపలా కాయాలి. ఒకచోట మన్ను కుంగితే గాలి దూరి బొగ్గు బూడిద అవుతుంది. ఈ విద్య పుస్తకాల్లో లేదు. కట్టెతో విద్యుత్తు తీసే చిన్న కేంద్రాలు కూడా ఈ కంపను కొన్నాయి. అయితే ఈ ఆర్థికవ్యవస్థలో ఎవరికి ఎంత దక్కుతుందో కూడా చూడాలి గదా. కంప వేలం పాడేది కాంట్రాక్టరు. అడ్వాన్సు ఇచ్చి కుటుంబాలను తీసుకువచ్చేది మేస్త్రీ. ముల్లు గుచ్చుకున్న అరికాలు, పొగ పట్టిన కళ్లు, తీరని అడ్వాన్సు కూలివాడివి. పశువుల మేత పోయింది కనుకనే ఆ మనిషి బొగ్గు కాల్చడానికి వచ్చాడు. అతని బీటిని తీసుకున్న చెట్టే అతనికి కూలి ఇస్తున్నది. దీన్ని చూపి చెట్టును పేదల మిత్రుడనడం, అప్పిచ్చిన షాహుకారును అన్నదాత అనడంలాంటిది. అట్లని, కూలి దారి చూపకుండా చెట్టును పెరికివేయమనడం కూడా న్యాయం కాదు. మన వాదం కంపమీద పడిన గుడ్డలా చిక్కుకుపోయింది ఇక్కడే.

2017లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం దక్షిణ తమిళ జిల్లాల్లో ఈ చెట్టును తొలగించవలసిందని గట్టిగా ఆదేశించింది. యంత్రాలు దిగాయి. కొద్ది నెలల్లోనే, అదే హైకోర్టులో, శాస్త్రీయ పరిశీలన లేకుండా పెరకవద్దని నిలుపుదల వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2022లో దురాక్రమణ మొక్కల మీద ఒక విధానమే ప్రకటించింది. మనకు మటుకు అటువంటి ఆలోచన కంటె వేలం పాట మీద నమ్మకం ఎక్కువ.

నాగజెముడును చంపినట్టు పురుగుచేత దీన్ని చంపించరాదా అని విద్యార్థులు అడుగుతారు. దక్షిణాఫ్రికాలో ఆ ప్రయత్నం జరిగింది. 1987లో వాళ్లు వదిలినది గింజను మాత్రమే తినే పురుగును. చెట్టును చంపే పురుగును వదలలేదు. కారణం, కాయను మేతగా, కట్టెను కలపగా వాడుకునేవారు అక్కడ వున్నారు. చెట్టు వుండాలి, వ్యాపించరాదు అన్నది రాజీ. ఆ రాజీ అంతగా ఫలించలేదు; పురుగు గింజను చేరేలోపే పశువు కాయను తినివేస్తున్నది. ఆస్ట్రేలియా మరొక అడుగు వేసి ఆకును తినే చిమ్మెటను కూడా 1998లో వదిలింది. నాగజెముడుకూ తుమ్మకూ తేడా ఇదే: జెముడు చచ్చిపోతే ఏడ్చేవారు తక్కువ. తుమ్మ చచ్చిపోతే ఏడ్చేవారిలో పేదలున్నారు, కాంట్రాక్టర్లూ వున్నారు. ఏ ఏడుపు ఎవరిదో విడదీసి వినడం శాస్త్రజ్ఞుడి ఒక్కడి పని కాదు.

మరి చేయవలసిందేమిటి? శాస్త్రం చెప్పేది సులభంగానే వుంది. పైన నరకరాదు, మొదలు కింద, పిలకలు పుట్టే కణుపు నేలలో ఎంత లోతున వుందో అంత లోతుకు తవ్వి తీయాలి. కాయ పండకముందే తీయాలి. పెద్దగుబురు దగ్గర మొదలుపెట్టకుండా, ఇప్పుడిప్పుడే కంప చేరుతున్న మంచి గడ్డినేలలో ముందు తీయాలి. అక్కడ మొలకను చేత్తో పీకవచ్చు. కాయలను ఏరి, గింజతో సహా పిండిచేసి పశువులకు పెడితే మేతకు మేత, గింజకు నాశనం. చెరువు శిఖాలు, వాగులు, పశువుల దారులు ముందు వరుసలో వుండాలి. ఇళ్లకు కట్టె కావలసినచోట కొంత మేర వుంచి, మొక్కకు ఒకటే కాండం వుండేలా కొమ్మలు తీసి చెట్టుగా పెంచవచ్చు.

అయితే ఒకసారి తీస్తే ఇది పోదు. నేలలో నిలవున్న గింజలు తొలకరికి లేస్తాయి. రెండవ యేడు మళ్లీ పీకాలి, మూడవ యేడు మళ్లీ. యంత్రం ఒక్కరోజు వచ్చి వెళుతుంది. మూడేళ్లు వుండేది మనిషే. ఆ మనిషి ఎందుకు వుంటాడు? నేల తనదైతే వుంటాడు. 2005 నాటి వుపాధి హామీ చట్టం కింద మన రాష్ట్రంలో దళిత, గిరిజన కుటుంబాల అసైన్డు చేలలో కంప తీయించిన పనులు జరిగాయి. కూలి ఇచ్చి, ఆ కూలివాడి చేనులోనే కంప తీయించడం నిజంగా మంచి ఆలోచన. తీసిన తరువాత నీరూ విత్తనమూ అందినచోట అది చేనుగా నిలిచింది. అందనిచోట మళ్లీ కంపే. ఇక వూరుమ్మడి బీటి విషయం ఇంతకన్న కష్టం. అక్కడ కంప తీయగానే నేల విలువ పెరుగుతుంది. అంతవరకు ముళ్లే దానికి కాపలా. ఎవరూ కన్ను వేయలేదు. బోడి అయిన మరునాడు పక్క చేను గట్టు జరుగుతుంది, లీజు దరఖాస్తు వస్తుంది, ఏదో ఒక కట్టడానికి శంకుస్థాపన పలక లేస్తుంది. కనుక మందలు తోలుకునేవాళ్లు కంప తీయడానికి ఎందుకు వెనుకాడుతారో అధికారులకు అర్థం కాదు. గొర్రెలకాపరికి బాగా అర్థమవుతుంది.

అందువల్ల బీటిలో పని మొదలుపెట్టే ముందు ఆ బీడు వూరి మేతకని కాగితం మీద నమోదు కావాలి. ఆ కాగితంలో గొర్రెలవాళ్ల పేర్లు, పుల్లలు ఏరుకునే ఆడవాళ్ల పేర్లు వుండాలి. తీసిన కట్టె వేలానికి పోకుండా తీసినవారికే చెందాలి. ఎండాకాలంలో మొదళ్లు తవ్వి, తొలకరి తడికి గడ్డి గింజ చల్లి, మొదటి యేడు మందను ఆపాలి. ఆ యేడు మందకు మేత ఎక్కడ నుంచి వస్తుందో, దాని ఖర్చు ఎవరు పెడతారో ముందే తేలి వుండాలి. నేను చూసిన అంచనా పత్రాల్లో యంత్రం గంటకు ఎంతో వుంది, డీజిలుకు ఎంతో వుంది. గడ్డి గింజకూ, ఆ యేడు మేతకూ ఒక్క పైసా వ్రాసి లేదు.